మిద్దె మీద ప్రోటీన్

ఎవరి సాయమూ లేకుండా నా కానిస్టేబుల్ ఉద్యోగాన్ని నేనే మిద్దె మీద ఎండబెట్టుకున్న వైనం చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. కొంచెం అనుకుంటాను.

అప్పటికి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ముగించి తర్లుపాడులో ఇంటిపట్టున ఉన్నాను. మొదటి రాత పరీక్ష పాసయ్యాను. ఇక ఒంగోలులో పదహారు వందల మీటర్ల పరుగు, అదీ మే నెలలో. నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. అన్నం ముందు కూర్చుని లేచేవాణ్ణి, పడుకుని లేచేవాణ్ణి. పరుగు ప్రాక్టీసు తప్ప అన్నీ చేసేవాణ్ణి.

అలాంటప్పుడు పాత నోట్సులో హెచ్‌ఎస్‌పీ సెవెంటీ కనబడింది. మన కణాల్లో ఉండే ప్రోటీన్ అది. వేడికి మడత చెడిన వేరే ప్రోటీన్లను పట్టుకుని సరిచేస్తుంది. ముందుగా కొంచెం వేడి తగిలితే కణం దీన్ని ఎక్కువగా తయారుచేసుకుని, తర్వాత వచ్చే పెద్ద వేడిని తట్టుకుంటుంది. ఇంత తెలిశాక ప్రాక్టీసు దేనికి, మీరే చెప్పండి.

పరుగుకు ముందురోజు మిట్టమధ్యాహ్నం మిద్దెక్కాను. నల్ల పలకరాళ్లు పరిచిన మిద్దె. మేలో దాని మీద కాకి కూడా వాలదు. దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

వడియాలు తిరగెయ్యడానికి వచ్చిన అమ్మ ఆగిపోయింది. "ఏందిరా ఇది?"

"ప్రోటీన్ తయారైతాంది అమ్మా. రేపు ఎండ నన్నేం చెయ్యలేదు."

"మీ నాయన పుట్టినకాడి నుంచి ఎండలోనే పనిచేస్తాండాడు. ఆయనే పదకొండుకల్లా నీడకొచ్చి మజ్జిగ తాగుతాడు. నువ్వు దిగు."

"నాయనకు సైన్సు తెలీదు."

"అట్లనా. ఉడికిన గుడ్డును మళ్లీ పచ్చిగుడ్డు చేస్తాదా నీ ప్రోటీను?"

యూనివర్సిటీలో నన్నెవరూ ఇంత కష్టమైన ప్రశ్న అడగలేదు. "నీకర్థం కాదులే" అని అటు తిరిగి పడుకున్నాను.

గంట తర్వాత మిద్దె గిర్రున తిరిగింది. దిగబోయి మూడో మెట్టు మీద కుప్పకూలాను. అమ్మ కేక ఒక్కటే గుర్తుంది.

మర్నాడు ఒంగోలులో నా బ్యాచ్ పరుగెత్తే వేళకు నేను మార్కాపురం ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకుంటున్నాను. హాల్ టికెట్ చొక్కా జేబులోనే ఉంది. ఏడుపొచ్చింది. నాయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"నిన్న ఆటో ఎట్ల దొరికిందో తెలుసునా? అది రోడ్డు మీద పోతా ఉంటే, మీ అమ్మ చెప్పులు గూడా లేకుండా ఉరికి, వెంటబడి పట్టుకునింది" అన్నాడు. "ఆ హాల్ టికెట్ మీద ఆమె ఫోటో ఉండింటే మనకు ఉద్యోగమొచ్చుండేది."

సెలైన్ సీసా సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను. నోట్సులో 'కొంచెం' అన్న మాటను ఈ జన్మలో దాటేసి చదవను. మా మిద్దె మీద ఇక వడియాలే ఎండుతాయి.