దారంతో కొలిచిన బిడ్డ

తాగే నీళ్లకే కరువైన కోయిలకుంట్ల వాణ్ణి, పోయి పోయి పడమటి సముద్రం ఒడ్డున చేపలు కొలిచే సర్కారు నౌకరీలో పడ్డాను. నా రాత కాకపోతే ఏమిటి! పొద్దున్నే పడవలు రాగానే ఒక్కో చేపను చెక్క మీద పరిచి, మూతి నుంచి తోక దాకా పొడుగు చూడాలి. తర్వాత తక్కెడలో వేయాలి. రెండూ పుస్తకంలో ఎక్కించాలి. ఆ ఒడ్డున తెలుగు వచ్చినవాడు ఒక్కడూ లేడు. కొన్నాళ్లకు చేపలతోనే మాట్లాడటం మొదలుపెట్టాను.

ఆ పనిలో ఒకటి తెలిసింది. మేత తక్కువైనా చేప ఎంతో కొంత పొడుగు సాగుతూనే ఉంటుంది. తక్కెడలో పెడితేనే దాని అసలు సంగతి బయటపడుతుంది.

ఊళ్లో నాకు ఆరేళ్ల కూతురు. గౌన్లు కుట్టించి పంపడానికి కొలత కావాలంటే, నా భార్య పాప మెడ నుంచి మడమ దాకా దారం పట్టి, తెంపి, జాబులో పెట్టేది. ప్రతిసారీ దారం పెరిగేది. దాన్ని గోడకు ఆనించి చూసి, "అబ్బో, ఎంతయిపోయినావే!" అని ఒక్కణ్ణే మురిసిపోయేవాణ్ణి.

ఆ ఏడు మా వైపు వాన పడలేదని తెలిసింది. పాపను ఏదైనా కొట్లో తూకం వేయించి రాయమన్నాను. నా భార్య పక్కింటి పంతులు చేత జవాబు రాయించింది: "బిడ్డను తూకమేస్తారా యాడన్నా! దిష్టి తగుల్తాది. నీకు మతి ఉండాదా?" చదివి నవ్వుకున్నాను. నవ్వి ఊరుకున్నాను కూడా, బుద్ధిలేనివాణ్ణి.

సెలవు దొరికేసరికి ఎండాకాలం వచ్చింది. ఎర్రగుంట్లలో రైలు దిగి, బండి కట్టించుకుని ఇల్లు చేరాను. పాప గడపలో నిలబడి ఉంది. దారం అబద్ధమాడలేదు, పొడుగు పొడుగే. ఎత్తుకున్నాను. ఇన్నేళ్లు తూకాలు వేసిన చేతులకు తక్కెడ అక్కర్లేకపోయింది.

"ఏమే ఇది?" అని అరిచాను.

నా భార్య తలెత్తలేదు. "ఒక పూటే సంగటి. తూకం రాపిస్తే నీకు తెలిసిపోతాదని, దిష్టని చెప్పించినా. నువ్వు పంపేదాంతోనే ఇంటిల్లిపాదీ తింటాండాం. దిగులు పడి నౌకరీ ఇడిసి వస్తే, ఆ ఒక్క పూటా ఉండదు కదయ్యా!"

పాప నా భుజం మీదే నిద్రపోయింది. నిద్రపోతే ఏ బిడ్డయినా బరువెక్కుతుంది. మా పాప ఎక్కలేదు.