పూత పోయిన గడియారం

నిన్న కంటి ఆపరేషన్ అయి దవాఖాన నుంచి వచ్చాక, పట్టీ విప్పిన కన్నుతో ఇంట్లో మొట్టమొదట చూసింది మా గడియారాన్నే. రాగి చెంబులా ఎర్రగా ఉంది. చూపు చెడిందేమో అనుకున్నాను. చూపు బాగానే ఉంది. మా కోడలు దాన్ని చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమింది. అదీ పాత చింతపండు డబ్బాలో ఉండగా, కొత్తది విప్పి!

"నువ్వు వచ్చేవరకు అద్దంలెక్క ఉండాలెనని తోమిన అత్తమ్మా. మసంత పోయింది," అంది నవ్వుతూ.

ఆ గడియారం ఫ్రాన్సు దేశంది. కంచు మీద బంగారు పూత. మా ఇంటాయన గనిలో పనిచేసే రోజుల్లో, బదిలీ అయిన ఒక పెద్దసారు సామాను లారీకి ఎక్కిస్తే, ఆ సారు భార్య ఇచ్చింది. ఆ దేశంలో దీన్ని పొయ్యి పైన పెట్టుకుంటారని చెప్పిందట. ఈయన నిజంగానే తెచ్చి మా క్వార్టర్‌లో బొగ్గుల పొయ్యి పైనున్న అరలో పెట్టాడు! తాలింపు పొగ తగలకముందే ముందరింట్లోకి మార్చాను. గడియారాన్ని ఆనుకుని ఒక ఆడబొమ్మ కూర్చుని ఉంటుంది. ఒంటి మీద బట్ట అంతంతే. పాత రవిక ముక్క చుట్టాను. అది చూసి పక్క క్వార్టర్ ఆమె ఏ దేవతో అనుకుని బొట్టు పెట్టిపోయింది.

ప్రతి శనివారం డ్యూటీ దిగి వచ్చి, స్నానానికి నీళ్లు కాగేలోపు ఆయన దానికి కీ ఇచ్చేవాడు. కుడిచేత కీ, ఎడమచెయ్యి ఆ బొమ్మ భుజం మీద. ఒళ్లంతా బొగ్గు.

"చేతులు కడుక్కొని ముట్టరాదా? బంగారం ఖరాబైతది!"

"ఆమె ఏమంటలేదు గదా, నీకేంది ఫికర్?"

ఆ భుజం మీద నల్లటి బొటనవేలి ముద్ర పడేది. నేను తిట్టుకుంటూ తుడిచేదాన్ని. మళ్లీ శనివారానికి పడేది. ఆయన పోయే ముందు శనివారం పడినదాన్ని మాత్రం తుడవలేదు. ఆ రవిక ముక్కను భుజం మీదికి లాగి, దాని కిందే దాచాను. బట్టలు పంచేశాం, బూట్లు ఎవరో అడిగితే ఇచ్చేశాం. మిగిలింది ఆ ముద్రే.

"మరక అనుకున్న అత్తమ్మా," అంది కోడలు, నా ముఖం చూసి.

"మరకనే. మీ మామ మరక. ఇల్లు చూసుకొమ్మని పోయిన గానీ, మనిషిని తోమి మోరీల పొయ్యమన్ననా?"

కొడుకు అడ్డం వచ్చాడు. "పోనీయే అమ్మా, పట్నంల మళ్ల పూత ఏపిస్త."

"పూత ఏపిస్తవ్ రా. బొటనేలు ఏడికెళ్లి తెస్తవ్?"

నిన్నటి నుంచి నా గంజి నేనే కాచుకుంటున్నాను. కోపం తగ్గలేదు, తగ్గించుకోను కూడా.

ఇవాళ శనివారం. పొయ్యి మీద నీళ్లు పెట్టి, అవి కాగేలోపు నేనే కీ ఇచ్చాను. అదే టిక్కుటిక్కు. కానీ ఆ బొటనవేలి మసి లేని గడియారం పరాయి ఇంట్లో నడుస్తున్నట్టు వినిపిస్తోంది.