ఉప్పునీళ్ల పిల్లర్లు

మా ఎదురింటి మేస్త్రి మంగళవారం పోయాడు. కబురు తెచ్చినవాళ్లు "దేవుడసుంటి మనిషి, టీచరమ్మా" అన్నారు. నాకు ఒళ్లు మండింది. బతికుండగా గోడకు సున్నం కొట్టే పని కూడా ఆయనకివ్వని పుణ్యాత్ములు వీళ్లే.

నేనైతే దేవుడనను. దేవరకొండ పక్కన మా ఊరి బడికి పిల్లర్లు పోసింది ఆయనే. బర్రెలు కూడా మూతిపెట్టని ఉప్పు బోరు నీళ్లతో పోశాడు. ఈ నీళ్లు పనికొస్తాయా అని ఆనాడే అడిగాను.

"కాంక్రీటుకు నాలిక ఉంటదా టీచరమ్మా, ఉప్పో చప్పనో చూడనీకి?" అన్నాడు.

కాంక్రీటుకు లేదు, లోపలి ఇనుముకు ఉంది. ఇరవై ఏళ్లకే చువ్వలు తుప్పు పట్టి ఉబ్బి, పిల్లర్లు నిలువునా పగిలాయి. మరమ్మతుకు ఫైబర్ గుడ్డ వచ్చింది. జిగురు పూసి చుడితే పిల్లరుకు బలం. ఊళ్లో దానికి 'పట్టీ' అని పేరు పెట్టారు. పట్టీ అన్నాక పైనుంచి కట్టేయడమే అనుకున్నారు. బడి తెరిచేలోగా చుట్టేయమని కమిటీ పెద్ద తొందర.

మేస్త్రి అడ్డం నిలబడ్డాడు. "ముందుగాల పగలగొట్టాలె. చువ్వ మెరిసేదాక తుప్పు గీకాలె."

"గంత గట్టి గుడ్డ చుడుతుంటే లోపటి ముచ్చట నీకెందుకు మేస్త్రీ?" అన్నాడు కమిటీ పెద్ద.

"చీము తియ్యకుండ పట్టీ కడితే కాలే పోతది, పటేలా. గివి ఉప్పునీళ్లతోని పోసినయి. పోసింది నేనే."

ఊరందరి ముందు అన్నాడు.

"గిన్నేండ్లు నోట్లె ఏం పెట్టుకున్నవ్?" అని అరిచింది నేనే. నా మనవరాలు కూర్చునేది ఆ స్లాబు కిందే.

"సిగ్గు, టీచరమ్మా."

పగలగొట్టారు. తుప్పు గీకి, గుంతలు పూడ్చి, పిల్లర్ల మూలలు తనే గుండ్రంగా అరగదీశాడు. "పదునున్నకాడ గుడ్డ తెగుతది, నీ నాలిక లెక్క" అని నాకో చురక.

ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆయనను తాపీ పట్టనివ్వలేదు. నిజం చెప్పినందుకు కాదట, ఉప్పునీళ్లు పోసినందుకట! చెప్పకపోతే వీళ్లకెలా తెలిసేది? తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఒకసారి అడిగి, ఆయన జోకుకు నవ్వి ఇంటికొచ్చేశాను.

క్షమించానా? లేదు. మనిషి పోయాడని ఉప్పునీళ్లు తీపి కావు. కానీ నా మనవరాలి నెత్తిన స్లాబు నిలిచింది ఆయన ఒప్పుకున్న ఆ ఒక్క మాట మీద.

ఆనాడు, చుట్టిన పట్టీల జిగురు ఆరిన పొద్దున, ఎక్కడైనా గుల్ల పలుకుతుందేమోనని, ప్రతి పిల్లరుకూ చెవి ఆనించి సుత్తి పిడితో తట్టుకుంటూ వెళ్లాడు. ఎవరూ చెప్పకుండానే పిల్లలంతా మాటలాపారు. ఆఖరి పిల్లరు దగ్గర తట్టడం ఆపేశాక కూడా ఆయన చెవి తీయలేదు.