మడత మీసం మామ, సంచుల సుబ్బక్క

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన ఆ రోజుల్లో మా జమ్మలమడుగు వాళ్ళకు సముద్రమంటే పెన్నలో ఇసుకను చూసి ఊహించుకోవలసిందే. అలాంటి ఊళ్ళో పుట్టి, వాల్తేరు పోయి సముద్రపు జీవుల చదువులో ఎలా ఇరుక్కున్నానో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎమ్మెస్సీ అయిన వేసవిలో మా గురువుగారు సముద్రపు నీళ్ళున్న ఒక సీసా, ఒక పాత మైక్రోస్కోపు చేతికిచ్చి, "ఇందులో కోపిపాడ్లు ఎన్ని జాతులో తేల్చి, వర్ణించి పట్రావయ్యా. సరిగ్గా తెస్తే పరిశోధనకు నా దగ్గరే చేర్చుకుంటాను" అన్నారు. (కోపిపాడ్లంటే రొయ్యకు దూరపు చుట్టాలు. ఆవగింజలో సగం ఉండవు.)

ఇంటి పడసాలలో మైక్రోస్కోపు ముందు ఒక కన్ను మూసి కూర్చుంటే మా మేనత్త తొంగిచూసింది. "ఏందప్పా, పేలు చూస్తాండావా? దీనికి వాల్తేరుదంకా పోవల్లనా? నా నెత్తిలో శానా ఉండాయి గదరా!"

నాకు అన్నీ ఒకేలా కనిపించేవి, మరుక్షణం ఏ రెండూ ఒకేలా ఉండేవి కావు. లాటిన్ పేర్లు నోట్లో నిలవవు. చివరికి మా వీధి పద్ధతే పట్టుకున్నాను. మా వీధిలో సుబ్బక్కలు నలుగురు. ఒంటి గుర్తేదో ముందు తగిలించకపోతే ఎవరిని పిలిచామో తెలియదు. అలాగే ఒక మీసం మోచెయ్యిలా మడిచినవాడు మడత మీసం మామ, తోక దగ్గర గుడ్ల సంచి వేలాడేది సంచుల సుబ్బక్క, కాళ్ళు సగమే మొలిచినవాడు బుడ్డోడు అయ్యారు. మూడు జాతులని తేల్చి, ఉద్యోగం వచ్చినట్టే మురిసిపోయాను.

వాల్తేరు తీసుకుపోయి చూపిస్తే గురువుగారు చాలాసేపు నవ్వారు. "ఒకటే జాతయ్యా! వీళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలు. వీడు వాళ్ళ పిల్లాడు." పరిశోధనలో ఆ చోటు ఇంకొకరికి పోయింది. రైల్లో మా ఊరికి దిగే ముద్దనూరు స్టేషను వచ్చేదాకా నాకు ఏడుపొక్కటే తక్కువ.

సంగతి విని మేనత్త ముక్కున వేలేసుకుంది. "ఒగే ఇంటోళ్ళను ఏరుకాపరం పెట్టి వస్తివి గదరా!"

తర్వాత పులివెందుల హైస్కూల్లో సైన్సు చెప్పుకుంటూ రిటైరయ్యాను. ఇప్పటికీ ఏ పెళ్ళి పందిట్లోనైనా వెదురుబద్దలాంటి పెళ్ళికొడుకు పక్కన బొద్దుగా పెళ్ళికూతురు కనిపిస్తే, రెండు జాతులని తేల్చబోయి నాలుక కరుచుకుంటాను. నా పక్కన కూర్చున్న మా ఆవిడ (నాకంటే జానెడు పొడుగు) "ఏంది నవ్వుతాండావు?" అంటుంది. నా చేతిలో సంచి ఆమెదే.