గల్లీ పక్కన గుచ్చిన మేకులు

ఈమధ్యనే మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇన్నాళ్లకు ఇది రాస్తున్నాను.

అప్పుడు సికింద్రాబాద్‌లో పట్టా లేని ఇంట్లో ఉండేవాళ్లం. ఒకరోజు కొందరు ఆఫీసర్లు మా గల్లీ పక్కన మేకులు గుచ్చి వైర్లు కట్టారు. ఇళ్లు కూలగొట్టే కొలతలేమోనని, కారం దంచుతూ వాళ్లనే చూస్తున్నాను.

వాళ్లలో ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, జెర దంచుడు ఆపు."

"ఎందుకు? మా ఇండ్లు తీస్తరా ఏంది?"

"ఇండ్లు గాదమ్మా. సుత్తెతోటి కొట్టి, నేల లోపల రాయి ఎట్లున్నదో మిషన్‌ల బొమ్మ తీస్తున్నం. నీ రోకలి అదురుకు బొమ్మ ఖరాబైతుంది."

నమ్మలేదు. పక్కింటి యాదమ్మను దంచమని, వెళ్లి వాళ్ల మిషన్ తెర చూశాను. ప్రతి పోటుకూ తెర మీద గీత ఎగిరింది. రోకలి పోటు తెలిసినవాళ్లకు ఇళ్లలో మేం అనుకునే మాటలు తెలియవా అని ఇంకా భయమేసింది.

పని త్వరగా అయితేనే వాళ్లు పోతారు. మర్నాడు పొద్దున వాటి అదురుకు కూడా బొమ్మ చెడకుండా, గల్లీ మొదట్లో నిలబడి ఆటోలను ఆపాను. చివరి మేకు పీకేదాకా కదలలేదు.