రెండో సాక్షి

మా గురునాథరావు ఒక్కరి మాట మీద దేన్నీ నమ్మడు. సూర్యుడు తూర్పున ఉదయించాడని చెప్పినా "రెండో సాక్షి ఎవడు బావా?" అంటాడు. అనుమానం పెనుభూతం అంటారు. మావాడు దాన్ని రోజూ కాలేజీకి వెంటపెట్టుకొచ్చేవాడు.

డెబ్బై ఎనిమిదిలో విశాఖపట్నంలో ఇద్దరం నాగరికతల చరిత్ర చెప్పేవాళ్ళం. గ్రీకులు పర్షియావాళ్ళని ఓడించడానికి నాకు ఒక పీరియడు చాలు, వాడికి నాలుగు.

"ఇది గెలిసినోళ్ళు రాసుకున్న కత. ఓడినోళ్ళని అడిగేరా?" అనేవాడు పిల్లల్ని.

"ఎప్పుడో పోయారు సార్!"

"పోయినోళ్ళకి నాయం అక్కర్లేదేటి? ఎతకండి!"

జాలరిపేటలోనూ ఇదే గొడవ. "ఇప్పుడే పడవ దిగింది బాబూ" అంది చేపల చిలకమ్మ.

"నీ సరుక్కి నువ్వే సాక్షివా?"

"అయితే సేపనే అడుగు!" అని గంప ఎత్తుకుని పోయింది. ఒకే గదిలో ఉండే మా ఇద్దరికీ ఆ పూట చారే గతి.

ఆ ఏడు బీయే ఆఖరి క్లాసులో రషీదా ఉండేది. వన్ టౌన్‌లో తాళాలు బాగుచేసే షరీఫ్ కూతురు. కాలేజీ పరీక్షలో చరిత్రలో ఫస్టొస్తే ఎమ్మే, లేకపోతే చదువు బంద్ అని తండ్రి షరతు. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

పేపర్లు దిద్దిన గురునాథరావు మార్కులు వేరే కాగితం మీద రాసుకుని, పేర్లు కనపడకుండా చీటీలంటించి, నా ముందు పడేశాడు. "నువ్వూ దిద్దు బావా." నా తరవాత మాతోపాటు చరిత్ర చెప్పే భ్రమరాంబ మేడమ్‌కీ ఇచ్చాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఆ పిల్ల మీద కూడా అనుమానమేనా?"

"అనుమానమే" అన్నాడు. వారం రోజులు వాడితో మాట్లాడలేదు.

ఫలితాల రోజు షరీఫ్ వచ్చాడు. రషీదాకే ఫస్టు. అయినా ఆయన మొహంలో నవ్వు లేదు.

"నిజం చెప్పండి సార్. నా షరతు తెలిసి, జాలిపడి మార్కులేసేరా?"

రషీదా తల వంచుకుంది. గురునాథరావు డ్రాయర్లోంచి మూడు కాగితాలు తీసి పరిచాడు. మూడింట్లోనూ అందరికంటే ఎక్కువ మార్కులు ఆ పిల్లవే.

"ముగ్గురం దిద్దేం. పేరు సూసింది నానొక్కణ్ణే. మీరీ మాట అడుగుతారని ముందే అనుమానమొచ్చింది షరీఫ్ గారూ."

షరీఫ్ కాగితాలు రెండేసిసార్లు చూశాడు. "ఎమ్మే అప్లికేషన్ ఎక్కడిస్తారు సార్?" అన్నాడు. నాకు సిగ్గేసింది.

మర్నాడు రషీదా హల్వా గిన్నెతో వచ్చింది. "చాలా బావుందట సార్. చేసిన అమ్మే చెప్పింది" అంది నవ్వాపుకుంటూ.

గురునాథరావు ఒక చెంచా తిని కళ్ళు మూసుకున్నాడు. మరో చెంచా తిన్నాడు. తరవాత గిన్నె నావైపు జరిపాడు.

"నువ్వూ తిను బావా. రెండో సాక్షి కావాల."