అత్తగారి నాలిక మీద మూడు బొట్లు

మొన్న మా మనవడు గుంటూరులో కొత్తగా వెలిసిన హోటల్లో పుట్టినరోజు విందు చేశాడు. చిన్న చిన్న గ్లాసుల్లో నాలుగు రకాల విస్కీలు వచ్చాయి. కుర్రాళ్లు ఒక్కోదాన్నీ వాసన చూసి, కళ్లు మూసుకుని, ఏదేది ఎట్లా ఉందో చెప్పుకుంటున్నారు. పక్క గ్లాసులోంచి కాలిన చెక్క వాసనొకటి తేలుకుంటూ వచ్చింది. అంతే, నేను ఆ బల్ల దగ్గర లేను. ఎప్పటిదో ఎర్రటి సాయంత్రంలో, మా అత్తవారి డాబా మీద ఉన్నాను.

మామగారు పొగాకు కొనేవారు. ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, ధర చెప్పేసేవారు. అవి మద్యనిషేధం రోజులు. ఆరోగ్యం పేరు చెప్పి పర్మిట్టు సంపాదించారు గానీ, చూడబోతే పేటలో ఆయనంత ఆరోగ్యవంతుడు లేడు. కంపెనీ దొర సీమకి వెళ్లిపోతూ ఇచ్చిన రెండు రకాల పాత విస్కీ, ఒక రకం బ్రాందీ సీసాలు ఆయన బీరువా నిండా ఉండేవి. వారానికోసారి పొద్దువాలేవేళ మూడూ కాస్త కాస్త పోసుకుని, ఒక్కో గుక్కా వేస్తూ పైకే పోల్చుకునేవారు. "ఇది పొగాకు బ్యారన్ వేడికి పండిన ఆకు. ఇదేమో తొలకరికి తడిసిన గోనెసంచి." వినేవాళ్లెవరని? డాబా మీద ఎండబోసిన మిరపకాయల ఘాటుకి తుమ్ముతూ, ఆరిన బట్టలు తీసే నేను. అత్తగారు మాత్రం ఆ పూట మేడమెట్లు ఎక్కేవారు కాదు, ఆయనతో మాట్లాడేవారూ కాదు.

ఒక ఏడు మిరప కళ్లాలప్పుడు ఆయనకి గుండెపోటు వచ్చింది. గండం గడిచింది. "ఇక చుక్క ముట్టకూడదు" అన్నాడు డాక్టరు. మామగారు మందుతో పాటు మాటా మానేశారు. అన్నం కెలికి లేచిపోయేవారు. మా ఆయన మేలురకం ఆకు తెచ్చి చేతిలో పెడితే, వాసన చూడకుండానే పక్కన పెట్టేశారు. "గుండె కుదుటపడింది గానీ, మనిషికే బతకాలని లేదమ్మా" అని డాక్టరు అత్తగారితో అనడం నేను విన్నాను.

ఆ సాయంత్రమే అత్తగారు బీరువా తెరిచారు. పారబోస్తారనుకున్నాను. మూడు గ్లాసుల్లో ఒక్కో స్పూను పోసి, పళ్లెంలో పెట్టుకుని, "నువ్వూ రావే, నాకు భయంగా ఉంది" అంటూ డాబా ఎక్కారు. జన్మలో కాఫీ కూడా ముట్టని మనిషి! పడక్కుర్చీలో ఉన్న మామగారి ఎదుట కూర్చుని, మొదటి గ్లాసులో చిటికెనవేలు ముంచి నాలిక్కి రాసుకున్నారు. మొహం ముడుచుకుపోయింది.

"ఎట్లా ఉంది?" అన్నారు మామగారు. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో.

"కిరసనాయిలు."

"తొందరపడకే. మింగింతర్వాత చూడు."

ఆవిడ కళ్లు మూసుకున్నారు. "అడుగంటిన పాయసం. చివర్న పొయ్యి పొగ."

"రెండోది?"

"చీరాల నుంచి కొత్త చీర తెస్తే, మడత విప్పగానే వస్తుందే గంజివాసన, అది."

మామగారు పకపకా నవ్వారు. "ఇన్నేళ్లూ తాగాను, నాకీ మాట తట్టలేదు చూడు. మరి బ్రాందీ?"

అత్తగారు మూడో గ్లాసులో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నారు. "మన పెళ్లిలో మీ మెళ్లో దండ. మర్నాడు వాడిపోయాక."

మామగారు పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నారు. "అన్నంలోకి ఏం చేశారే?" అన్నారు.

ఆ తర్వాత వారం వారం అదే వరస. ఆయన అడగడం, ఆవిడ చెప్పడం. "ఊళ్లో తెలిస్తే తలెత్తుకోలేనే" అని నాతో అంటూనే డాబా ఎక్కేవారు. మామగారు మళ్లీ పొగాకు బేరాలకి వెళ్లారు. చాలా ఏళ్లే బతికారు. ఆయన పోయాక అత్తగారు ఆ సీసాల జోలికి వెళ్లలేదు. ఆ రుచి గుర్తొస్తుందా అని ఒకసారి అడిగాను. "రుచిదేముందే, అడిగే మనిషి ఏడీ?" అన్నారు.

నాకిప్పుడు ఆవిడ అప్పటి వయసు దాటింది. అంత నెమ్మదిగా పొద్దువాలే రోజుల్లో ఉన్నామని, ఆ రోజుల్లో మాకెవరికీ తెలియలేదు.